నిమ్మ, నారింజ గింజలు గిన్నెడు పోగయ్యాయి: పారేయాలా, పనికొస్తాయా?

గిన్నెడు గింజలు

నిన్న సాయంత్రం అరవై నిమ్మకాయల రసం తీసి, ఐసు ముక్కలుగా గడ్డకట్టించి దాచుకున్నాను. తొక్కలకు వేరే పని దొరికింది. గింజలే మిగిలాయి. పారేయడానికి చేయి రాక గిన్నెలో వేసి, మునిగేలా నీళ్లు పోసి పడుకున్నాను. పొద్దున చూస్తే నీళ్లు నీళ్లలా లేవు. చెంచాతో ఎత్తితే గుడ్డు తెల్లసొనలా తీగ సాగుతున్నాయి. కుళ్లు వాసన మాత్రం లేదు, నిమ్మ వాసనే.

ఇది పాడైనట్టేనా? ఇవి కాక, వంటగది కిటికీలో ఒక పళ్లెం నిండా నారింజ గింజలు రెండు వారాలుగా ఎండుతున్నాయి, ఎప్పుడైనా నాటుదామని. ఇంట్లోవాళ్లు నన్నూ ఆ పళ్లేన్నీ మార్చి మార్చి చూస్తున్నారు. ఇంటికో తోటకో నిజంగా పనికొచ్చే మార్గం ఉంటే చెప్పండి. వీడియోలు చాలా చూశాను, చేసి చూసినవారి మాట కావాలి.

పలుచని గుడ్డ

పాడవలేదండి, పారబోయకండి! ఆ జిగురు పెక్టిన్. జామ్ గట్టిపడటానికి దుకాణంలో పొడిగా అమ్మేది ఇదే. నిమ్మజాతి పండ్లలో తొక్క కింది తెల్లపొరలోనూ, తొనల మధ్య పొరల్లోనూ, గింజల పైనా ఇది పుష్కలంగా ఉంటుంది. రాత్రంతా నానితే నీళ్లలోకి దిగుతుంది. మీకు తెలియకుండానే సగం పని చేసేశారు.

నేను చేసే పద్ధతి: అరకప్పు గింజలకు కప్పున్నర నీళ్లు. రాత్రంతా నానబెట్టి, పొద్దున ఆ నీళ్లతో సహా సన్నని మంట మీద పావుగంట మరిగించి వడకట్టడం. లేదంటే గింజలను పలుచని నూలు బట్టలో వదులుగా మూటకట్టి, పండ్ల ముక్కలు ఉడికే గిన్నెలోనే వేయడం. వదులుగా అని ఎందుకు అంటున్నానంటే, బిగించి కడితే నీళ్లు లోపలికి పోవు, జిగురు బయటికి రాదు. ఉడికాక మూట తీసి పళ్లెంలో చల్లారనిచ్చి, చేత్తో పిండాలి. అప్పుడు గుడ్డ కన్నాల్లోంచి చిక్కగా, మెరుస్తూ బయటికి వచ్చే పదార్థం చూస్తే మీరిక ఒక్క గింజ కూడా పారేయరు.

ఒక హెచ్చరిక. గింజలు చితకకూడదు, మిక్సీలో అసలే వేయకూడదు. లోపలి పప్పులో లిమోనిన్ అనే పదార్థం ఉంటుంది, మహా చేదు. మొదటిసారి నేను తెలివి ఉపయోగించి గింజలు దంచి వేశాను. రెండు సీసాల జామ్ ఎవరూ ముట్టుకోలేదు.

రెండో కప్పు

పలుచని గుడ్డ గారూ, పెక్టిన్ ఉన్నంత మాత్రాన గట్టిపడుతుందా? నేను నారింజ గింజలు వేసి చేసినా పానకంలాగే మిగిలింది.

పలుచని గుడ్డ

పెక్టిన్ ఒక్కటే చాలదు. పులుపు ఉండాలి, చక్కెర కూడా దండిగా ఉండాలి. తీపి నారింజలో పులుపు తక్కువ, అందుకే సగం నిమ్మచెక్క పిండితే తేడా తెలుస్తుంది. చక్కెర తగ్గించి చేసినా పానకమే అవుతుంది. వేడి కూడా చూసుకోవాలి: సుమారు 104 లేదా 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర దించాలి. థర్మామీటరు లేకపోతే చిన్న పళ్లేన్ని ఫ్రీజర్‌లో పెట్టండి. ఒక చుక్క దాని మీద వేసి, నిమిషం ఆగి వేలితో నెట్టి చూడండి. పైన ముడత పడితే అయిపోయినట్టు. వేలు వెనకే కారుతూ వస్తే ఇంకా కొంచెం ఉడకాలి.

ఇప్పుడు చేసే తీరిక లేకపోతే గింజలను డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టేయండి. నా డబ్బాలో మూడు రకాల గింజలు కలిసే ఉంటాయి.

అంటుకత్తి

ఆ ఫ్రీజర్ మాట జెల్లీ చేసుకునేవారికే. నాటాలనుకునే గింజను గడ్డకట్టిస్తే చచ్చిపోతుంది. ఇక కిటికీలో పళ్లెం సంగతి. చెప్పడానికి బాధగా ఉంది కానీ, అది విత్తనాల పళ్లెం కాదు, చాలావరకు శవాల పళ్లెం.

వంకాయ, టమాటా విత్తనాల్లాగా వీటిని ఎండబెట్టి దాచకూడదు. పండులో ఉన్నంతకాలం గింజ తడిగానే ఉంటుంది, బయటికి వచ్చాక కూడా ఆ తడి పోకూడదు. ఎండే కొద్దీ మొలిచే శక్తి పడిపోతుంది. వెంటనే నాటడం మేలు. కుదరకపోతే కడిగి, పైతడి ఆరాక, తడిపి పిండిన కాగితంలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. నాలుగైదు డిగ్రీల దగ్గర కొన్ని నెలలు బాగానే ఉంటాయి.

నాటే పద్ధతి కూడా రాస్తాను, ఎలాగూ అడుగుతారు. ముందు ఆ జిగురు పోయేదాకా కడగాలి, లేకపోతే బూజు పడుతుంది. గింజకు ఒక కొస మొనదేలి, ఇంకో కొస గుండ్రంగా ఉంటుంది. వేరు బయలుదేరేది మొన వైపు నుంచి. కాబట్టి గుండ్రని కొస దగ్గర గోటితో గిల్లి, పైనున్న తెల్లని గట్టి పెంకును ఒలిచేయండి. లోపల పలుచని గోధుమరంగు పొర ఉంటుంది, దాన్ని తీసినా తీయకపోయినా ఫరవాలేదు. తడి కాగితం మధ్య పెట్టి, మూతపెట్టి, 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం ఉన్నచోట ఉంచండి. ఒలిచిన గింజ వారం రెండు వారాల్లో వేరు చూపిస్తుంది. ఒలవకుండా మట్టిలో వేస్తే నెల కూడా పట్టవచ్చు. వేరు కనిపించగానే మొన కిందికి ఉండేలా సెంటీమీటరు లోతున మట్టిలో పెట్టడమే. పప్పుబద్దలు మట్టిలోనే ఉండిపోతాయి, చిక్కుడులా పైకి లేవవు. పైకి రాలేదేమని తవ్వి చూడకండి.

గిన్నెడు గింజలు

శవాల పళ్లెం! ఇంట్లోవాళ్లకు చదివి వినిపించాను, వారికి ఇంతకంటే ఆనందం ఇంకొకటి లేదు. సరే, పద్నాలుగు తాజా నిమ్మ గింజలు ఒలిచి డబ్బాలో పెట్టాను. ఎండిన నారింజ గింజలు కూడా ఇరవై పెట్టాను, పంతానికి. మిగిలినవి ఫ్రీజర్‌లోకి.

ముళ్లకంప

మొలకెత్తించడం తేలికే. తర్వాత ఏమవుతుందో ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. నారింజ గింజ నాటి ఏడేళ్లయింది. చెట్టు నా కంటే ఎత్తుగా ఉంది. ఒక్క పువ్వు లేదు. ముళ్లు మాత్రం బొటనవేలు పొడవున్నాయి. కొమ్మలు కత్తిరించిన ప్రతిసారీ చేతి మీద గీతలు. గింజ నుంచి పండు అని ఆశ పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అంటుకత్తి

మీ కోపం న్యాయమైనదే. గింజ మొక్కకు బాల్యం ఎక్కువ. పుల్లని చిన్న నిమ్మ రకాలైతే మూడు నుంచి ఆరేళ్లలో పూయవచ్చు. నారింజ, గ్రేప్‌ఫ్రూట్ లాంటివాటికి ఏడు, పది, ఒక్కోసారి పదిహేను ఏళ్లు. ముళ్లు కూడా ఆ బాల్యపు లక్షణమే, చెట్టు ముదిరే కొద్దీ పై కొమ్మల్లో తగ్గుతాయి. ఒక సలహా ఉంది: కొమ్మలు మరీ కత్తిరించకండి. పూతకు వచ్చేది చివరన ఎదిగిన కొమ్మే. దాన్ని కోస్తే చెట్టు మళ్లీ వెనక్కి పోతుంది.

ఓపిక లేకపోతే ఆ చెట్టునే వేరుమూలంగా, అంటే అంటుకు ఆధారమైన కింది మొక్కగా, వాడుకోండి. పూతపూసిన చెట్టు నుంచి ఒక కన్ను (చిగురించే మొగ్గ) తెచ్చి, పెన్సిలు మందం ఉన్న కొమ్మ మీద అంటు కడితే రెండు మూడేళ్లలో కాయ చూడవచ్చు. తోటల్లో పెద్ద ఎత్తున జరిగేదీ అదే: గింజ నుంచి వేరు, అంటు నుంచి పండు. కొన్ని రకాల గింజలను కేవలం వేరుమూలాల కోసమే సేకరిస్తారు. అలాంటి విత్తనాలను సుమారు 52 డిగ్రీల వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచి నాటడం నర్సరీల్లో పాత పద్ధతి, మొదలు కుళ్లు తెగులు రాకుండా. ఇంట్లో పది గింజలకు అంత అవసరం లేదు.

రెండో కప్పు

కాయ కోసం కాకపోతే నాటడానికి ఇంకో కారణం ఉంది, ఆకు. ఆకు నలిపితే వచ్చే వాసనకే నేను పెంచుతున్నాను. వెడల్పాటి గిన్నెలాంటి కుండీలో ఒలిచిన గింజలు నలభై దాకా దగ్గర దగ్గరగా, మొన కిందికి పెట్టి, పైన చిన్న గులకరాళ్లు పరిచాను. అన్నీ ఒకేసారి లేచాయి. బల్ల మీద చిన్న అడవి. అంత ఒత్తుగా ఉంటే పెద్దగా ఎదగవు, ఏడాది రెండేళ్లు అలాగే పచ్చగా ఉంటాయి. ఆ తర్వాత విడదీయాలి, లేదా కొన్నింటిని వదులుకోవాలి. కుండీకి కింద రంధ్రం తప్పనిసరి. నా మొదటి అడవి రంధ్రం లేని అందమైన గిన్నెలో నారుకుళ్లు వచ్చి మూడు రోజుల్లో పడిపోయింది.

మెరిసే గిన్నె

ఇన్ని మొక్కల మాటలేనా, ఇంటి పనులు ఎవరూ చెప్పరేమి? నేను విన్నవి: గింజలు కుండీ మట్టి మీద చల్లితే పిల్లులు రావు. గింజలు రుబ్బి నీళ్లలో కలిపి చల్లితే పురుగులు పోతాయి. జిగురు ముఖానికి రాస్తే చర్మం బిగుతుగా ఉంటుంది. ఎండిన గింజలు సంచిలో కుట్టి వేడి కాపడానికి వాడవచ్చు. సీసా లోపల తోమడానికి కూడా పనికొస్తాయి. గింజల రసానికి సూక్ష్మక్రిములను చంపే శక్తి కూడా ఉందట.

చేదు మాట

ఒకదాని తర్వాత ఒకటి. నాకు ఈ విషయంలో కొంచెం పిచ్చి ఉంది, ముందే చెబుతున్నాను.

పిల్లులు: వాటికి నచ్చనిది తొక్కలోని నూనె వాసన. ఆ నూనె తిత్తులు తొక్కలో ఉంటాయి, గింజలో కాదు. నా కుండీలో గింజలు పరిస్తే పిల్లి వాటిని పక్కకు నెట్టి మరీ కూర్చుంది. పైగా నిమ్మజాతి ఆకులు, తొక్కలు నమిలితే పిల్లులకు, కుక్కలకు కడుపు పాడవుతుంది. కాబట్టి ఇంట్లో పెంపుడు జంతువులుంటే మొలకల కుండీ అందకుండా పెట్టండి.

పురుగులు: ఇందులో కొంత నిజం ఉంది. గింజల చేదు లిమోనాయిడ్ల వల్ల (పైన చెప్పిన లిమోనిన్ వాటిలో ఒకటి), కొన్ని పురుగులకు ఆ చేదు గిట్టదు. వేప గింజలోని అజాడిరాక్టిన్ కూడా ఆ కుటుంబానిదే. కానీ ఇంట్లో రుబ్బిన నీళ్లలో అది ఎంత దిగిందో ఎవరికీ తెలియదు. నేను పేనుబంక పట్టిన కొమ్మల్లో సగానికి గింజల నీళ్లు, సగానికి పలుచని సబ్బు నీళ్లు చల్లాను. సబ్బు నీళ్ల వైపు మూడో రోజుకు శుభ్రమైంది. గింజల నీళ్ల వైపు పేనుబంక హాయిగా ఉంది, పిచికారీ గొట్టం మాత్రం జిగురుకు మూసుకుపోయింది.

క్రిములను చంపే శక్తి: గ్రేప్‌ఫ్రూట్ గింజల సారం పేరుతో సీసాల్లో అమ్ముతారు. 1999లో జర్మనీ పరిశోధకులు అలాంటి ఆరు సరుకులను పరీక్షించారు. క్రిములను చంపినవి ఐదు. ఆ ఐదింటిలోనూ బెంజెథోనియం క్లోరైడ్ అనే కృత్రిమ రసాయనం దొరికింది. అది లేని ఆరోదానికి క్రిములను చంపే శక్తి లేదు. పరిశోధకులు తామే గింజలతో తీసిన సారానికీ లేదు. అంటే పని చేసింది గింజ కాదు. ఇంట్లో గింజలు నానబెట్టిన నీళ్లతో గాయాలు కడగడం లాంటివి దయచేసి చేయకండి.

పలుచని గుడ్డ

ముఖానికి రాసే సంగతి నేను చెబుతాను, చేసి చూశాను కనుక. ఆరాక చర్మం కాసేపు బిగుతుగా అనిపించే మాట నిజం, పెక్టిన్ పొర ఎండటం వల్ల. కడిగితే అంతా మామూలే. జుట్టు చెదరకుండా అణచడానికి అంతకంటే బాగా పనిచేస్తుంది. అయితే రెండు జాగ్రత్తలు. ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు రోజులకు మించి ఉంచకూడదు. రసం అంటుకున్న గింజలను బాగా కడిగి నానబెట్టాలి, ఎందుకంటే నిమ్మరసం చర్మం మీద ఉండగా ఎండలోకి వెళితే బొబ్బలు లేచి, నల్లమచ్చలు వారాల తరబడి ఉంటాయి. తెలిసినవారికి మణికట్టు మీద సరిగ్గా రసం కారిన చారలాగే మచ్చ పడింది.

మెరిసే గిన్నె

సరే, ఓడిపోయాను. కాపడం సంచి నేనే కుట్టి చూశాను, అదీ చెప్పేస్తాను. మొదటి వారం బాగుంది. నెల తిరిగేసరికి వేడి చేసిన ప్రతిసారీ పాత నూనె వాసన. విప్పి చూస్తే గింజలన్నీ జిడ్డుగా ఉన్నాయి.

చేదు మాట

ఎండిన గింజ బరువులో దాదాపు మూడో వంతు దాకా నూనె ఉంటుంది, రకాన్ని బట్టి ఇంకా ఎక్కువ. మళ్లీ మళ్లీ వేడి చేస్తే ఆ వాసన రాక తప్పదు. సంచికి బియ్యమే మేలు.

మెరిసే గిన్నె

సీసా సంగతి మాత్రం వదలను! సన్నమూతి సీసాలో ఎండిన గింజలు గుప్పెడు, రాళ్ల ఉప్పు చెంచాడు, కొంచెం నీళ్లు వేసి గిరగిరా తిప్పితే బ్రష్ దూరని మూలల్లోని పాచి పోయింది. శవాల పళ్లెం ఇలాగైనా పనికొస్తుంది.

చేదు మాట

ఇది ఒప్పుకుంటాను. గింజల పని గరుకుదనమే తప్ప మరేమీ లేదు, అయినా పని జరిగింది. ఆ తర్వాత వాటిని సింకులో పోయకండి, జల్లెడలో పట్టండి. గొట్టం వంపులో చిక్కుకున్నాయంటే మీరే విప్పుకోవాలి.

రెక్కలు

ఆలస్యంగా వచ్చాను. నేను గింజలు నాటేది నా కోసం కాదు, పురుగుల కోసం! నవ్వకండి. పాపిలియో జాతి సీతాకోకచిలుకల్లో చాలావాటికి నిమ్మజాతి లేతాకే ఆహారం. పెరట్లో పదిహేను గింజ మొక్కలున్నాయి, పండుతో నిమిత్తం లేదు, ఆకు మీద ఒక్కో గుడ్డు పెట్టి పోతాయి. చిన్న పురుగు అచ్చం పిట్ట రెట్టలా నలుపు తెలుపు మచ్చలతో ఉంటుంది, ఏ పిట్టా ముట్టదు. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడు దాన్ని పుల్లతో ఒకసారి మెల్లగా తాకండి: తల వెనక నుంచి పాము నాలుకలా రెండు పాయల కొమ్ము ఒకటి చటుక్కున బయటికి వస్తుంది, దానితోపాటు ఘాటైన వాసన. మళ్లీ లోపలికి పోతుంది. పిల్లలు మొదటిసారి చూసినప్పుడు పారిపోయి, మరుక్షణమే ఇంకోసారి తాకమని నన్ను బతిమాలారు.

ముళ్లకంప గారూ, మీ చెట్టు ఆకులకు కన్నాలున్నాయా?

ముళ్లకంప

ఉన్నాయి. ఆ పిట్ట రెట్టలను నేను ఏడేళ్లుగా నీళ్లు కొట్టి కడుగుతున్నాను. ఇప్పుడేమనాలో తెలియడం లేదు.

రెండో కప్పు

కంపోస్టులో వేసేవారికి ఒక మాట. కుప్ప బాగా వేడెక్కకపోతే గింజలు అందులో చావవు, తడిగా వెచ్చగా దాక్కుంటాయి. నా కంపోస్టు వేసిన ప్రతి కుండీలోనూ పిలవని నిమ్మ మొక్క ఒకటి లేస్తుంది. వానపాముల తొట్టిలో మాత్రం నిమ్మజాతి వ్యర్థాలు తక్కువ వేయండి, వాటికి పడవు.

గిన్నెడు గింజలు

అయిదు వారాల తర్వాత వచ్చాను. ముందు జామ్: గట్టిపడింది, సీసా తలకిందులు చేసినా కదల్లేదు. కొంచెం ఎక్కువే గట్టిపడింది, చెంచా వంగింది.

తాజా గింజలు పద్నాలుగింటిలో పదకొండు మొలిచాయి. ఎండిన నారింజ ఇరవైలో రెండు. అంటుకత్తి గారూ, మీ శవాల్లో ఇద్దరు లేచి కూర్చున్నారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒకే నిమ్మ గింజ నుంచి మూడు మొక్కలు వచ్చాయి! నేను రెండు గింజలు అతుక్కున్నాయేమో అనుకుని తవ్వి చూశాను, తవ్వవద్దన్నారని తెలుసు, క్షమించండి. గింజ ఒక్కటే. రెండు మొక్కలు నిటారుగా, ఒకేలా ఉన్నాయి. మూడోది పొట్టిగా, వంకరగా, ఆకు కొంచెం సన్నగా ఉంది. ఏది ఉంచాలి?

అంటుకత్తి

ఆ ఇద్దరినీ చూసి నాకూ ఆశ్చర్యమే. పూర్తిగా ఎండి ఉండవు.

మూడు మొక్కల సంగతి నిమ్మజాతికి మామూలే. సూక్ష్మదర్శినితో పేరుపొందిన లీవెన్‌హుక్ 1719లోనే నారింజ గింజలో ఒకటి కంటే ఎక్కువ పిండాలు ఉండటం గమనించాడు. వాటిలో పరాగంతో పుట్టింది ఒకటే ఉంటుంది. మిగిలినవి తల్లి చెట్టు కణజాలం నుంచే పుడతాయి, అంటే తల్లికి అచ్చమైన నకళ్లు. ఒకేలా, బలంగా ఉన్న మీ రెండూ చాలావరకు అవే. తల్లి కాయ ఎలా ఉందో వాటి కాయ అలాగే ఉంటుంది. తల్లిలో వైరస్ తెగుళ్లున్నా చాలా రకాలు గింజ ద్వారా వీటికి దిగవు, అదొక లాభం. ఇలాంటి నకళ్లు అన్ని పండ్లలో రావు. పంపరపనస గింజకు పిండం ఒక్కటే, అది ఎప్పుడూ పరాగ సంతానమే.

వంకరది బహుశా ఆ పరాగ సంతానం. నర్సరీలో అయితే పీకేస్తారు, సగటున బలహీనంగా ఉంటాయి, కాయ ఎలా ఉంటుందో చెప్పలేం. కాయ కావాలంటే నిటారుగా ఉన్నవి ఉంచండి. వేర్లు చిక్కుపడకముందే, నాలుగైదు ఆకులు ఉండగానే విడదీయండి.

ముళ్లకంప

ఆ వంకరదాన్ని పీకకండి.

గిన్నెడు గింజలు

పీకలేదు. దానికి విడిగా ఒక కుండీ ఇచ్చి, కిటికీలో పాత పళ్లెం ఉన్నచోట పెట్టాను. ఆ ప్రశ్న అడిగి మూడు నెలలవుతోంది, మళ్లీ వచ్చి చెబుతున్నాను: నిటారుగా ఉన్నవి జానెడు ఎదిగాయి. వంకరది వాటిలో సగం ఉంది. ముల్లు మాత్రం ముందు దానికే వచ్చింది.